ఓడిపోవడానికి వెళ్ళండి

చిన్నప్పుడు ప్రాణం పెట్టి ఆడిన వీడియో గేమ్‌ను ఇప్పుడెవరో కాళ్ళతో తిరిగే ఊరుగా కట్టారంటే వెళ్ళి చూడాలనిపించడంలో వింతేమీ లేదు. మారియో ఊరు ఇప్పటికి మూడుచోట్ల ఉంది. ఒసాకాలోని యూనివర్సల్ స్టూడియోస్ జపాన్‌లో 2021 మార్చి 18న మొదటి సూపర్ నింటెండో వరల్డ్ తెరిచారు. 2020లోనే తెరవాల్సింది, కరోనాతో వెనక్కి జరిగింది. 2023 ఫిబ్రవరిలో హాలీవుడ్‌లో ఒకటి, 2025 మే 22న ఓర్లాండోలోని ఎపిక్ యూనివర్స్‌లో మరొకటి వచ్చాయి. వీటికి వెళ్ళాలనుకునేవాళ్ళు వీసా, విమానం, హోటలు, ఏ వారంలో రద్దీ తక్కువ అన్నవన్నీ నెలల ముందే లెక్కలు వేసుకుంటారు. ఆ ఆటలో నాకసలు నచ్చిందేమిటి అన్న ప్రశ్న మాత్రం వేసుకోరు. ఈ అధ్యాయం ఆ ఒక్క ప్రశ్న గురించే, నా సమాధానం ముందే చెప్పేస్తాను. పచ్చ గొట్టాలూ ఎర్ర టోపీలూ ఎంత ముద్దుగా ఉన్నా మనల్ని గంటల తరబడి టీవీ ముందు కూర్చోబెట్టింది వేరే. చావడం, మళ్ళీ మొదలుపెట్టడం, ఈసారి కాస్త దూరం వెళ్ళి మళ్ళీ చావడం, అదీ మన వ్యసనం. థీమ్ పార్కులో ఓడిపోయే వీలున్న చోట్లు తక్కువ. రోజంతటినీ ఆ కొద్దిపాటి చోట్ల చుట్టూ అమర్చుకోండి. మిగతావి దారిలో ఎలాగూ తగులుతాయి.

1985 సెప్టెంబరు 13న జపాన్‌లో ఫ్యామికామ్ అనే యంత్రం మీద విడుదలైన ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొదటి దృశ్యం గుర్తు తెచ్చుకోండి. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు నడవాలో ఒకరు చెప్పనక్కర్లేదు. కాస్త ముందుకెళ్ళేసరికి మొహం చిట్లించుకున్న గూంబా ఎదురొస్తుంది. ఏం చేయాలో తోచక నిలబడిపోతే అది వచ్చి తగులుతుంది, మారియో పోతాడు. చాలామందికి మొదటి ప్రాణం పోయేది అక్కడే. రెండోసారి ఎగురుతారు. దగ్గర్లోనే ప్రశ్న గుర్తున్న పెట్టె ఉంటుంది. దాన్ని కింద నుంచి గుద్దితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారి, గొట్టానికి కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది. గూంబా చేతిలో ఒకసారి చచ్చినవాడు దీన్ని చూసి కూడా బెదిరి ఎగురుతాడు. కానీ నెత్తిమీద ఇటుకలున్నాయి, తల తగిలి దాని మీదే పడతాడు. చస్తాననుకున్నవాడు కాస్తా నిలువెత్తు పెరుగుతాడు. ఆట రూపకర్తలు షిగెరు మియమోతో, తకాషి తెజుకా కూర్చుని కావాలనే చేసిన అమరిక ఇది. తర్వాతి కాలంలో వాళ్ళే విడమరిచి చెప్పారు. ఎలా ఆడాలో చెప్పే పుస్తకం చదవని పిల్లవాడికి ఆటే నేర్పాలి, నేర్పే పద్ధతి ఓడించడం.

మన ఇళ్ళలో ఆ చదువు ఇంకాస్త కఠినంగా సాగింది. 1990లలోనూ ఆ తర్వాత కొన్నేళ్ళూ తెలుగు ఊళ్ళలో టీవీలకు తగిలించినవి చాలావరకు ఫ్యామికామ్‌కు నకళ్ళు. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది, లోపల చూస్తే ఆ కొన్ని ఆటలే పేరు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. అందులో మారియో ఉంటే చాలు. ఆగిన చోటు దాచుకునే సదుపాయం ఆ ఆటలో లేదు. ఏడో లోకం దాకా వెళ్ళినవాడైనా కరెంటు పోతే మళ్ళీ మొదటి గూంబా ముందుకే రావాలి. కోతల కాలంలో అది ఏ మధ్యాహ్నమైనా జరిగేది. కరెంటు వచ్చిన మరుక్షణం మళ్ళీ మొదలుపెట్టిన పిల్లలు కేవలం గెలుపు కోసమే ఆడారంటే నమ్మడం కష్టం. చాలామంది ఎనిమిదో లోకం మొహం కూడా చూడలేదు. అయినా ఆ ఆట పేరెత్తితే కళ్ళు మెరుస్తాయి.

జ్ఞాపకాల మీద జరిగిన పరిశోధన కూడా ఈ మాటనే బలపరుస్తోంది. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ వైల్డ్‌షుట్, కాన్‌స్టంటైన్ సెడికిడెస్ బృందం 2006లో ఒక అధ్యయనం ప్రచురించింది. గతాన్ని తలుచుకుని మురిసిపోయే మనుషులు రాసిన జ్ఞాపకాల్లో ఏముంటుందో వాళ్ళు పరిశీలించారు. రెండు సంగతులు మనకు పనికొస్తాయి. ఒకటి, ఆ కథల్లో చెప్పేవాడే నాయకుడు, కానీ ఒంటరిగా ఉండడు, చుట్టూ దగ్గరివాళ్ళు ఉంటారు. రెండు, ఆ కథలు చెడుగా మొదలై మంచిగా ముగియడం ఎక్కువ, మంచిగా మొదలై చెడడం తక్కువ. ఇప్పుడు ఆట దగ్గరికి రండి. అసలు సూపర్ మారియోలో ఇద్దరు ఆడితే ఇద్దరూ ఒకేసారి తెర మీద ఉండరు. మారియో చస్తేనే లుయిజీ వంతు. రెండో రిమోట్ పట్టుకున్నవాడు పక్కవాడి చావు కోసం కాచుక్కూర్చోవాలి, పోగానే “లైఫ్ పోయింది, ఇంక నాది” అని లాక్కోవాలి. పక్కన మనిషి, ముందు ఓటమి, ఆ తర్వాత ఇంకో అవకాశం. పరిశోధకులు జ్ఞాపకాల్లో కనుగొన్న రెండు లక్షణాలూ ఆ ఆట నిర్మాణంలోనే ఉన్నాయి. మనవాళ్ళకు మారియో అంత గాఢంగా గుర్తుండిపోవడానికి బొమ్మల అందం కంటే ఇది పెద్ద కారణమని నా ఉద్దేశం.

ఇక పార్కు ఏమిస్తుందో చూద్దాం. కళ్ళకు కావలసినంత ఇస్తుంది, అందులో లోటు పెట్టలేదు. ఒసాకాలో పచ్చ గొట్టంలోంచి నడిచి పీచ్ రాకుమారి కోటలోకి వెళ్ళి, అటు బయటికి రాగానే అంచెలంచెలుగా లేచిన కొండలు, తిరిగే నాణేలు, అటూ ఇటూ ఊగే పిరానా మొక్కలు, ఎదురుగా బౌజర్ కోట ఒక్కసారిగా కనబడతాయి. కానీ పెద్ద రైడ్ల సంగతి వేరు. వాటిని కట్టినవాళ్ళ ముందున్న సమస్య ఆట తయారుచేసినవాళ్ళ సమస్యకు సరిగ్గా తలకిందులు. గంటలు క్యూలో నిలబడి వచ్చినవాణ్ణి మొదటి గూంబా దగ్గరే చంపి వెనక్కి పంపితే ఎవడూరుకుంటాడు? అందుకే రైడు అందరినీ చివరిదాకా మోసుకెళ్తుంది. ఒసాకాలో 2024 డిసెంబరు 11న తెరిచిన డాంకీ కాంగ్ కంట్రీలోని గని బండి రైడు మంచి ఉదాహరణ. ఎదురుగా పట్టాలు తెగిపోయి ఉంటాయి, బండి గాల్లోకి ఎగిరి అవతలి పట్టాల మీద పడినట్టుంటుంది. నిజానికి బండిని మోసే చెయ్యి వేరే దాచిన పట్టాల మీద నడుస్తుంది. ఇంజనీరింగ్‌గా అద్భుతమే, కాదనను. అయితే 1994 నాటి ‘డాంకీ కాంగ్ కంట్రీ’ ఆటలో ఆ గని బండి ఘట్టానికి ప్రాణం ఎక్కడుందో గమనించండి. తెగిన పట్టాల అంచున బొత్తం సరిగ్గా ఏ క్షణంలో నొక్కాలి అన్నదాంట్లో ఉంది. పార్కులో ఆ బొత్తం మీ చేతిలో ఉండదు. మీ తరఫున బండే ఎగురుతుంది.

మారియో కార్ట్ రైడు ఇంతకంటే తెలివైనది. టోపీలాంటి పట్టీకి కళ్ళద్దాల పరికరం తగిలిస్తారు, నలుగురు కూర్చునే బండిలో ప్రతివాడి ముందూ స్టీరింగ్ ఉంటుంది, ఎటు చూస్తే అటు తాబేటి చిప్పలు విసరవచ్చు. స్కోరు వస్తుంది, జట్టు గెలవచ్చు ఓడవచ్చు. కానీ ఓడినా బండి ఆగదు, దారి మారదు. మొదటిసారి ఎక్కినవాళ్ళు ఎటు చూడాలో తెలిసేలోపే దిగాల్సి వస్తుంది. ఇది రెండోసారి ఎక్కితేనే ఆటవుతుంది, మొదటిసారి మాత్రం ప్రదర్శన. క్యూ పొడవు చూస్తే రెండోసారి అందరికీ కుదరదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇంకో సంగతి ముందే చూసుకోవాలి. ఒసాకాలో దీనికి ఒంటరిగా ఎక్కాలంటే 122 సెంటీమీటర్లు, పెద్దవాళ్ళ తోడుంటే 107 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి.

అసలు ఆట బతికున్నది జనం అంతగా పట్టించుకోని మూలల్లో. అక్కడ పవర్-అప్ బ్యాండ్ అని చేతికి చుట్టుకునే పట్టీ అమ్ముతారు. దాన్ని ఫోనులోని యాప్‌తో జతచేసుకుంటే ప్రశ్న గుర్తు పెట్టెల్ని కింద నుంచి అరచేత్తో కొట్టినప్పుడు నాణేలు మీ లెక్కలో పడతాయి. పెద్దవాళ్ళు కూడా మొదట అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదనుకున్నాక ఎగిరి కొడతారు. దీనికి మించినవి తాళంచెవుల పోటీలు. గిర్రున హ్యాండిల్ తిప్పి గూంబాను పడగొట్టేది ఒకటి, సరిగ్గా సమయం చూసి పెట్టె గుద్ది కూపా చిప్పను పంపేది ఒకటి, పలకలన్నీ ఒకే రంగుకు తిప్పేది ఇంకొకటి. అన్నిటికంటే నాకు గొప్పగా తోచేది నిద్రపోతున్న పిరానా మొక్క గది. చుట్టూ అలారం గడియారాలు. ఒకటి మోగగానే ఎవరో ఒకరు పరిగెత్తి దాని నెత్తిన కొట్టాలి, అది ఆగేలోపు వెనకెక్కడో రెండు మోగుతాయి. మొక్క లేచిందా, అందరూ ఓడినట్టే. ఆ గదిలో ఉన్నవాళ్ళు అంతకుముందు ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు. భాష తెలియనివాళ్ళు కూడా అటు అటు అని చేతులూపుతూ అరుస్తారు. ఓడితే తాళంచెవి రాదు. కావాలంటే మళ్ళీ వరసలో నిలబడాలి. మూడు తాళంచెవులు వస్తేనే బౌజర్ జూనియర్‌తో పోరాటానికి అనుమతి. అక్కడ గోడ మీది నీడే మీ మారియో, ఎగరడం వంగడం అన్నీ ఒళ్ళు వంచి చేయాల్సిందే. ఓటమికి చోటుంది, పక్కన మనిషి ఉన్నాడు, మళ్ళీ ప్రయత్నం ఉంది. 1985 నాటి సరుకు పార్కులో ఎక్కడైనా ఉందంటే ఇక్కడే.

కాబట్టి రోజును ఇలా వేసుకోమంటాను. ఒసాకాలో రద్దీ రోజుల్లో పార్కు టికెట్టు ఒక్కటే చాలదు, నింటెండో ప్రాంతంలోకి వెళ్ళడానికి వేళ నిర్ణయించిన ప్రవేశ టికెట్టు కావాలి. పార్కు లోపలికి వెళ్ళాక యాప్‌లో తీసుకోవాలి, లేదా ఆ ప్రాంతం కలిసున్న ఎక్స్‌ప్రెస్ పాస్ ముందే కొనుక్కోవాలి. ఆ పాస్ డబ్బు మిగతా రైడ్ల కోసం ఖర్చయితే అయింది, దాని అసలు లాభం మీకు మిగిలే గంటలు. యాప్, ఖాతా, టికెట్ల అనుసంధానం హోటల్ గదిలోనే పూర్తిచేయండి. గేటు దగ్గర పాస్‌వర్డ్ గుర్తురాక కుటుంబాల్లో మాటా మాటా పెరగడం పార్కువాళ్ళు రూపొందించని రైడు. బ్యాండ్ మనిషికొకటి తీసుకోండి. ఇక్కడ పొదుపు చేయొద్దు, చేయదలిస్తే దుకాణంలో బొమ్మల దగ్గర చేయండి. లోపలికి వెళ్ళగానే జనమంతా మారియో కార్ట్ వైపు నడుస్తారు. ఎక్స్‌ప్రెస్ పాస్ లేకపోతే మీరు తాళంచెవుల వైపు తిరగండి, ఎందుకంటే ఆ పోటీలకూ తర్వాత క్యూ పెరుగుతుంది. క్యూల మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. చేతిలో పనిలేని నిరీక్షణ ఎక్కువసేపు అనిపిస్తుందనీ, ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికంటే పొడవనీ, ఒంటరిగా నిలబడటం నలుగురితో నిలబడటం కంటే భారమనీ ఆయన వివరించారు. పది నిమిషాల క్రితం పిరానా మొక్కను లేపింది ఎవరు అన్న వాదన ఉన్న కుటుంబానికి క్యూలో చేతినిండా పనే.

ఇంత దాకా వచ్చాక ఎవరైనా అడగవచ్చు. ఆడటమే ముఖ్యమైతే ఒసాకా దాకా ఎందుకు, ఇంట్లోనే ఆడుకోవచ్చుగా? న్యాయమైన ప్రశ్న. 1985 ఆట ఇప్పటికీ నింటెండో స్విచ్ మీద ఆన్‌లైన్ సభ్యత్వంతో దొరుకుతుంది, ఓడటానికి అంతకంటే చవకైన చోటు లేదు. డబ్బు ఇబ్బందిగా ఉన్నవాళ్ళు అలాగే చేయాలని నిస్సంకోచంగా చెబుతాను. అప్పు చేసి వెళ్ళదగ్గ తీర్థం కాదది. వెళ్ళగలిగినవాళ్ళకు మాత్రం ఒక తేడా ఉంది. ఇంట్లో వేళ్ళు ఆడతాయి, అక్కడ ఒళ్ళంతా ఆడాలి, అదీ తెలియనివాళ్ళతో కలిసి. నలభై ఏళ్ళ మనిషికి పరాయివాళ్ళ ముందు గెంతి ఓడిపోయే సందర్భం మామూలు జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? అయినా ఇంటి ఆటను వదలొద్దు. బయల్దేరే వారం ముందు, ఎవరితో వెళ్తున్నారో వాళ్ళతో కూర్చుని మొదటి లోకం ఆడండి. ఇది తయారీలో భాగం.

రెండో అభ్యంతరం ఇంకాస్త ఘాటుగా ఉంటుంది. టికెట్టు మీద మళ్ళీ పట్టీ అమ్మడం, పాత జ్ఞాపకాన్ని పట్టుకుని జేబు ఖాళీ చేయడం దోపిడీ కాదా అని. పట్టీ ధర తెరిచిన కొత్తలో 3,200 యెన్లు, తర్వాత పెరిగింది. వ్యాపారం కాదని ఎవరూ అనలేరు. నింటెండో, యూనివర్సల్ 2015 మేలో చేతులు కలిపింది లాభం కోసమే. ఐతే ఫ్యామికామ్ కూడా వ్యాపారమే, మన నకలు క్యాసెట్లు అమ్మినవాడిది మరీ పచ్చి వ్యాపారం. అమ్మినవాడి ఉద్దేశం ఆట ఆనందాన్ని అప్పుడూ తగ్గించలేదు. చూడవలసింది మన డబ్బుకు చూడటం కొంటున్నామా, చేయడం కొంటున్నామా అన్నది. ఆ లెక్కన పట్టీ డబ్బు దండగ కాదు, దుకాణంలో టోపీ డబ్బు చాలావరకు దండగే. టోపీ పెట్టుకుని తాళంచెవుల పోటీకి వెళ్తానంటారా, అప్పుడు కొనుక్కోండి.

తోడెవరన్నది టికెట్టు కంటే పెద్ద నిర్ణయం. ఎక్కువమంది తల్లిదండ్రులుగా వెళ్తారు. పిల్లలకు మారియో తెలిసింది 2023లో వచ్చిన సినిమా వల్లో, కొత్త ఆటల వల్లో. తండ్రి అక్కడికి వెళ్ళగానే గైడు అవతారమెత్తుతాడు. ఇది ఫలానా, అప్పట్లో మేము ఇలా అని ప్రతి మూలా వివరిస్తాడు. అంటే మొదటి రిమోట్ పట్టుకుని వదలడన్నమాట. పిల్లలకు తండ్రి బాల్యం మీద ఉండే ఆసక్తి పరిమితం, తండ్రి ఓడిపోవడం మీద ఆసక్తికి మాత్రం హద్దుల్లేవు. పోటీలో వాళ్ళని ముందు నిలబెట్టి, వాళ్ళు చెప్పినట్టు మీరు పరిగెత్తండి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇంకో తోడు కూడా దొరుకుతుంది. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఓర్లాండోకో హాలీవుడ్‌కో తీసుకెళ్ళడం వాళ్ళకు మామూలే. (హాలీవుడ్‌లోది చిన్నది, యోషి రైడు అక్కడ లేదు.) వీడియో గేమ్ పెడితే పిక్చర్ ట్యూబు పోతుందని టీవీ ఆపేయించిన తరం ఆ అమ్మానాన్నలది. పెద్దవాళ్ళని బెంచీ మీద సంచులకు కాపలా కూర్చోబెట్టడం మన అలవాటు. మోకాళ్ళు సహకరించని పోటీలు కొన్ని ఉన్న మాట నిజమే, కానీ మోగే గడియారం నెత్తిన కొట్టడానికి మోకాళ్ళతో పనిలేదు. అమ్మ చేతికీ ఒక పట్టీ చుట్టండి.

ఫొటోల సంగతి ఒక్క మాటలో తేలదు. లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో వస్తువును మొత్తంగా ఫొటో తీసినవాళ్ళు ఊరికే చూసినవాళ్ళ కంటే దాన్ని తక్కువ గుర్తుపెట్టుకున్నారు. ఒక భాగాన్ని దగ్గరికి లాగి తీసినవాళ్ళకు మాత్రం ఆ నష్టం కనబడలేదు. ఇంకోవైపు క్రిస్టిన్ డీల్ బృందం 2016లో ఫొటోలు తీయడం చాలా సందర్భాల్లో అనుభవంలోని ఆనందాన్ని పెంచుతుందని చూపింది, అయితే ఫొటో తీయడం చేస్తున్న పనికే అడ్డొస్తే ఆ లాభం ఉండదని కూడా చెప్పింది. ఈ రెండూ కలిపితే మనకు దారి దొరుకుతుంది. కోట ముందు, కొండల ముందు ఎన్నైనా తీసుకోండి, అవి చూడటానికే ఉన్నాయి. పోటీ గదిలో ఫోను జేబులో ఉండాలి. ఒక చేత్తో వీడియో తీస్తూ ఇంకో చేత్తో గడియారం కొట్టేవాడు జట్టు మొత్తాన్ని ముంచుతాడు.

రోజు ముగింపు గురించి డానియల్ కానెమన్ బృందం 1993లో చేసిన చన్నీళ్ళ ప్రయోగం ఆలోచింపజేస్తుంది. 14 డిగ్రీల నీళ్ళలో నిమిషం పాటు చెయ్యి పెట్టడం ఒకటి, అదే నిమిషం తర్వాత నీటిని మెల్లగా 15 డిగ్రీలకు పెంచుతూ ఇంకో అరనిమిషం పెట్టడం రెండోది. మళ్ళీ ఏది చేస్తారంటే ఎక్కువమంది పొడవైన బాధనే ఎంచుకున్నారు, చివర కాస్త నయంగా ఉండటమే కారణం. పార్కు మూసేవేళ ఏ పెద్ద రైడు క్యూలోనో కాళ్ళు పీకేలా నిలబడి రోజు ముగించేవాళ్ళు తమ జ్ఞాపకానికి తామే అన్యాయం చేసుకుంటున్నారు. మూడు తాళంచెవులు వస్తే బౌజర్ జూనియర్ పోరాటాన్ని సాయంత్రానికి ఉంచుకోండి, మరీ చివరి నిమిషానికి మాత్రం వద్దు, వరస ముందే మూసేయవచ్చు. రెండు తాళంచెవులే వస్తే అలాగే బయటికి నడవండి. ఒసాకా నగరంలోకి వెళ్ళాలంటే యూనివర్సల్ సిటీ స్టేషన్‌లో రైలెక్కి సాధారణంగా నిషికుజోలో మారాలి. మూడోది ఎవరి వల్ల పోయిందో తేల్చుకోవడానికి ఆ ప్రయాణం సరిపోదు, హోటల్‌కు చేరాక కూడా సాగుతుంది.